చిన్న లాప్‌టాపు నుండి ఫోనులో ఫర్మ్‌వేరు వ్రాయుట

(రజతోత్సవ సభలలో గ్రంథాలయ పాఠకుల కొరకు చేయబడిన ఉపన్యాస పాఠము)



“ఫోను డెడ్డయిందట, సాఫ్ట్‌వేరు కొట్టించాలట” అను మాట నేడు ఏ ఊరి అరుగు మీదనైనను వినబడునదే. ఫోను గలవాడు దానిని టౌనులోని సెల్లు షాపులో ఇచ్చి వచ్చును. రెండు దినములకు అది వెలుగుచు తిరిగి చేతికి వచ్చును. అడిగినంత సొమ్ము చెల్లించి సంతోషముతో ఇంటికి తెచ్చుకొనును. తీరా చూచుకొనగా పెండ్లి ఫొటోలు ఉండవు. గతించిన తల్లి గొంతుతో దాచుకొన్న నాలుగు మాటలు ఉండవు. కొన్నియెడల బ్యాంకు యాప్ తెరుచుకొననే తెరుచుకొనదు. లోపల ఏమి వ్రాసినారో, ఏమి చెరిపినారో, ఎక్కడినుండి తెచ్చిన ఫైలు పెట్టినారో చెప్పువారుండరు. అడుగవలెనని తోచువారును అరుదు. ఈ ఉపన్యాసము ఆ రెండు దినములలో జరుగు పనిని గూర్చినది. ఆ పనికి పెద్ద కంప్యూటరు అక్కరలేదు. తేలికపాటి ఆపరేటింగ్ సిస్టముతో నడుచు చిన్న లాప్‌టాపు చాలును. కష్టము కంప్యూటరు బలములో లేదు, వేరొకచోట ఉన్నది. ఆ చోటు ఏదో తెలిసికొనుటయే ఇచట ముఖ్యము.

ముందుగా రెండు పదములు. హార్డ్‌వేరు అనగా చేతికి తగులు యంత్రము. సాఫ్ట్‌వేరు అనగా కావలసినప్పుడెల్ల మార్చుకొనదగిన ఆదేశముల సముదాయము. ఈ రెంటికిని నడుమ, యంత్రమును అంటిపెట్టుకొని ఉండి, మాటిమాటికి మారని ఆదేశములకు ఫర్మ్‌వేరు అని పేరు. ఆషర్ ఆప్లర్ అను అమెరికా కంప్యూటరు నిపుణుడు 1967లో ఈ పదమును ప్రయోగమునకు తెచ్చెను. ఇక ఫ్లాషు అను మాట మెమరీ చిప్పునుండి వచ్చినది. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా ఈ జాతి మెమరీని 1984లో లోకమునకు వెల్లడించెను. ఇందులోని సమాచారము కరెంటు లేకున్నను నిలిచియుండును. అయితే వ్రాసినదానిమీద తిరిగి వ్రాయుటకు వీలులేదు. ముందు ఒక దిమ్మెను దిమ్మెగా చెరిపి, ఆ పిమ్మట వ్రాయవలెను. ఆ చెరుపుట కెమెరా ఫ్లాషు వెలిగినట్లు ఒక్క పెట్టున జరుగుటచేత మసుఓకా సహచరుడొకడు ఆ పేరు సూచించెనందురు. చెరుపుట ముందు, వ్రాయుట తరువాత అను ఈ క్రమమును జ్ఞాపకముంచుకొనవలెను. మధ్యలో పని ఆగిపోయినయెడల ఆ దిమ్మెలో పాతదియు ఉండదు, క్రొత్తదియు ఉండదు. సెల్లు షాపులవారు “బ్రిక్కయింది” అనునది, అనగా ఫోను ఇటుకరాయి అయినదనునది, తరచుగా ఇట్టి స్థితినే.

ఆండ్రాయిడ్ ఫోను మేల్కొను తీరు ఒక గ్రంథాలయము తెరుచు తీరునకు పోలియుండును. మొదట కావలివాడు వచ్చి వీధి తలుపు తీయును. వాడు కార్యదర్శిని గుర్తించి లోనికి విడుచును. కార్యదర్శి బీరువాల తాళములు తీయును. ఆ పిమ్మటనే పాఠకులు లోనికి వత్తురు. ఫోనులో కావలివాని స్థానము ప్రాసెసరు చిప్పులోనే చెక్కబడిన బూట్ రామ్ అను చిన్న ఆదేశమునది. అది ఎవరి చేతను మార్పబడదు. అది లేచి బూట్‌లోడర్ అనుదానిని పిలుచును. బూట్‌లోడర్ లేచి లినక్స్ కెర్నలును పిలుచును. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన కెర్నలు సంతతియే ఇది. కెర్నలు లేచిన పిమ్మట ఆండ్రాయిడ్ తెరమీదికి వచ్చును. ఒక్కొక్క మెట్టు తన తరువాతిదాని ముద్రను పరీక్షించి, అది తయారీదారుని ముద్రయేనని తేలిన తరువాతనే దానికి పగ్గములు ఇచ్చును.

పైమెట్లు చెడినను బూట్‌లోడర్ చెడకున్నచో ఫోను నిజముగా చచ్చినది కాదు. కంపెనీ గురుతు కనబడి అచటనే ఆగిపోవు ఫోనులలో అనేకము ఈ తెగకు చెందినవే. పవరు బొత్తామును, ధ్వని తగ్గించు బొత్తామును కలిపి నొక్కి పట్టినచో చాలా ఫోనులలో బూట్‌లోడరు తెర వచ్చును. ఆ తెర వచ్చినదనగా కార్యదర్శి బ్రతికియున్నాడనియే అర్థము. బీరువాలు తిరిగి సర్దించుకొనవచ్చును.

ఇప్పుడు లాప్‌టాపు మాట. ఫోనులో ఫర్మ్‌వేరు వ్రాయునది లాప్‌టాపు అని జనసామాన్యము తలచును. వ్రాయునది ఫోనులోని బూట్‌లోడరే. లాప్‌టాపు చేయునదెల్ల ఒక ఫైలును యు.ఎస్.బి. తీగ వెంట పంపుచు, “దీనిని ఫలానా అరలో పెట్టుము” అని చెప్పుట మాత్రమే. ఈ సంభాషణకు ఫాస్ట్‌బూట్ అని పేరు. ఈ పంపుటకు వేగమైన ప్రాసెసరు అక్కరలేదు, రంగుల హంగులు అక్కరలేదు. ఫైలు పట్టునంత చోటు డిస్కులో ఉండవలెను. నేటి ఫోనుల పూర్తి ఫర్మ్‌వేరు కొన్ని గిగాబైట్ల బరువుండును. మూట విప్పినచో ఇంకను పెరుగును. పదహారు గిగాబైట్ల డిస్కు గల చిన్న యంత్రములలో ఇబ్బంది వచ్చునది ఇచటనే గాని మరియొకచోట కాదు.

చిన్న లాప్‌టాపుల ప్రస్తావన ఇప్పుడు ఎక్కువగుటకు మరియొక కారణము కలదు. విండోసు 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11ను మోయలేని లాప్‌టాపులు ఇండ్లలోను, పాఠశాలలలోను మూలబడుచున్నవి. వానిని పారవేయనక్కరలేదు. గూగులు వారు 2022లో విడుదల చేసిన క్రోమ్ ఓ.యస్. ఫ్లెక్స్ అనునది నాలుగు గిగాబైట్ల మెమరీ గల పాత లాప్‌టాపులమీద నడుచును. అంతకంటె పాతవానికి లినక్స్ సంతతిలోని తేలిక జాతులు ఉన్నవి. ఆస్ట్రేలియా దేశస్థుడు బారీ కౌలర్ 2003లో ఆరంభించిన పప్పీ లినక్స్ పెన్‌డ్రైవు నుండి మెమరీలోనికి ఎక్కి, డిస్కును ముట్టకయే పనిచేయగలదు. 2011 నుండి అమ్మకమునకు వచ్చిన క్రోమ్‌బుక్కులు సరేసరి. పల్లెటూళ్లకు లాప్‌టాపులో మరియొక సుగుణమున్నది. దానికి బ్యాటరీ కలదు. ఫర్మ్‌వేరు వ్రాయుచుండగా కరెంటు పోయినను పని ఆగదు. బల్లమీది పెద్ద కంప్యూటరు ఎంత ఘనమైనదైనను ఈ ఒక్క విషయములో పాత లాప్‌టాపునకు సరిరాదు.

క్రోమ్‌బుక్కు నుండి ఈ పని చేయుటకు రెండు దారులున్నవి. మొదటిది బ్రౌజరు దారి. 2017 నుండి క్రోమ్ బ్రౌజరునకు యు.ఎస్.బి. వస్తువులతో నేరుగా మాటలాడు శక్తి వచ్చినది. దానిని వెబ్ యు.ఎస్.బి. అందురు. గూగులు వారి ఆండ్రాయిడ్ ఫ్లాష్ టూల్ దీనిమీద ఆధారపడి పిక్సెల్ ఫోనులలో ఫర్మ్‌వేరు వ్రాయును. గ్రాఫీన్ ఓ.యస్. వారి స్థాపన విధానమును ఇట్టిదే, అదియు పిక్సెల్ ఫోనులకే. క్రొత్తవారికి ఈ దారి మేలు. ఏమియు ముందుగా స్థాపింపనక్కరలేదు. ఫోనును జాబితానుండి ఎన్నుకొని అనుమతి ఇచ్చిన చాలును.

రెండవది లినక్స్ దారి. క్రోమ్ ఓ.యస్. లోపల ఒక చిన్న లినక్స్ గదిని తెరుచుకొను సౌకర్యమును గూగులు వారు 2018లో ప్రకటించిరి. సెట్టింగులలో దానిని ఒకసారి తెరచి, ఏడీబీ, ఫాస్ట్‌బూట్ అను రెండు చిన్న ప్రోగ్రాములు తెచ్చుకొనవచ్చును. ఫ్లెక్స్ నడుచు పాత లాప్‌టాపులలో అన్నిటియందును ఈ గది తెరుచుకొనదు. తెరుచుకొన్నచోటను ఒక చిక్కు కలదు. చాలామంది పని సగములో విడిచిపోవునది ఇచటనే గనుక కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఆ లినక్స్ గదికి గోడలు గట్టివి. లాప్‌టాపునకు తగిలించిన ఫోను ఆ గదిలోనివారికి దానంతట అది కనబడదు; సెట్టింగులలో యు.ఎస్.బి. వస్తువుల పట్టికకు పోయి, ఈ ఫోనును లినక్స్‌నకు అప్పగింపుమని చెప్పవలెను. ఒకసారి చెప్పిన సరిపోవునా అనగా సరిపోదు. మామూలుగా వెలుగుచున్నప్పుడు ఫోను తన్ను ఒక సంఖ్యతో పరిచయము చేసికొనును; బూట్‌లోడరు తెరలో ఉన్నప్పుడు వేరొక సంఖ్యతో పరిచయము చేసికొనును. లాప్‌టాపు దృష్టిలో మొదటి మనిషి వెడలిపోయినాడు, రెండవవాడు క్రొత్తవాడు. కావున మరల అప్పగింపవలెను. ఆండ్రాయిడ్ 10 మొదలు, అనగా 2019 నుండి, ఫోనులోని పెద్ద భాగములు వ్రాయుటకు పని మధ్యలో ఫోను తనంతట తాను మరల లేచి, ఫాస్ట్‌బూట్‌డీ అను మూడవ స్థితికి పోవును. అప్పుడును అప్పగింత తెగును.

అట్టి సమయమున లాప్‌టాపు తెరమీద “వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్” అను పంక్తి కనబడి కదలకుండును. తెలియనివారు పని చెడినదని భయపడి తీగ పీకుదురు. పీకకూడదు. ఫోను వచ్చువరకు లాప్‌టాపు ఓపికతో ఎదురుచూచుచున్నదని మాత్రమే దాని అర్థము. మెల్లగా సెట్టింగులకు పోయి ఫోనును తిరిగి అప్పగించినచో ఆగినచోటినుండియే పని సాగును. బ్రౌజరు దారిలోను కొన్నిసార్లు ఇట్లే ఫోనును మరల ఎన్నుకొమ్మని అడుగును.

మామూలు లినక్స్‌లో ఈ గోడలు లేవు. అచట కనబడు చిక్కు అనుమతిది. ఫోను పట్టికలో ఉన్నను “నో పర్మిషన్స్” అని వచ్చును. పాలనాధికారముతో ఆదేశమిచ్చిన తీరిపోవును. దానిని గూర్చి విస్తరింపనక్కరలేదు.

చిన్న లాప్‌టాపు చేయలేని పనులును ఉన్నవి, దాచనేల? సామ్‌సంగు ఫోనులు ఫాస్ట్‌బూట్ భాష మాటలాడవు. వారి ఓడిన్ అను ప్రోగ్రాము విండోసుదే. దానికి ప్రతిగా లినక్స్‌లో హైమ్‌డాల్ అను ఉచిత ప్రోగ్రాము ఉన్నది గాని అది పాత నమూనాలకు పనికివచ్చినంతగా క్రొత్తవానికి పనికిరాదు. షియోమీ వారి అధికారిక అన్‌లాకు ప్రోగ్రామును విండోసుకే. ఇట్టి ఫోనులు గలవారు ఆరంభమునకు ముందే ఈ సంగతి విచారించుకొనవలెను. ఫోను సగము విప్పి కూర్చుండి విండోసు ఎవరింట ఉన్నదని ఊరంతయు తిరుగుట మర్యాద కాదు.

ఇక అసలు కష్టము. బూట్‌లోడరునకు తాళమున్నది. తయారీదారుని ముద్ర లేనిదేదియు వ్రాయనీయకుండుట దాని పని. ఆ తాళము తీయుటను అన్‌లాకు చేయుట అందురు. తీయు క్రమము పిక్సెల్ వంటి ఫోనులలో సులభమే. సెట్టింగులలో ఫోనును గూర్చిన పుటకు పోయి, బిల్డు నంబరును ఏడుమార్లు తట్టినచో డెవలపరు ఐచ్ఛికములు తెరుచుకొనును, వానిలో ఓ.ఇ.యమ్. అన్‌లాకింగును అంగీకరింపవలెను, ఆ పిమ్మట బూట్‌లోడరు తెరకు పోయి, లాప్‌టాపు నుండి “ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్” అను ఆదేశమును పంపవలెను. ఫోను తెరమీద ఒక హెచ్చరిక వచ్చును. అచట అవునని నొక్కిన క్షణమున ఫోనులోని సొంత సమాచారమంతయు తుడిచిపెట్టుకొని పోవును.

ఇది తయారీదారుల క్రౌర్యమని కొందరు విసుగుకొందురు. వారి విసుగు న్యాయమైనది కాదు. ఫోను దొంగ చేతిలో పడినదనుకొందము. వాడు తాళము తీసి, తనకు ఇష్టమైన సిస్టమును ఎక్కించి, పాత ఫొటోలను, సందేశములను, బ్యాంకు వివరములను చదువుకొనగలిగినయెడల తెరమీది పిన్ను నంబరునకు విలువయేమి? అందుచేత తాళము తీసినప్పుడు సమాచారమును విప్పు రహస్యపు చెవియే నాశనము చేయబడును. చెవి పోయిన పిమ్మట ఆ సమాచారమును షాపువాడు గాని, తయారీదారుడు గాని, ఎంత ఘనమైన కంప్యూటరు గాని చదువజాలదు. “ఫోను బాగుచేసి ఫొటోలు కూడా తెచ్చి ఇస్తాం” అని ఎవరైనను చెప్పినచో, అన్‌లాకు చేసిన తరువాత అది జరుగు పని కాదని తెలిసికొనవలెను. కావున ఫోను పట్టుకొని కూర్చున్నవాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఫోను బ్రతుకునా అనునది కాదు. ఇందులోనిది పోయినను చెల్లునా అనునది. చెల్లదనుకొన్నచో తాళము జోలికి పోరాదు.

తాళము తీయకయే నయమగు రోగములు కొన్ని కలవు. అప్‌డేటు మధ్యలో చెడి లేవని పిక్సెల్ ఫోను వంటివానికి రికవరీ తెరనుండి ఏడీబీ సైడ్‌లోడ్ అను దారి ఉన్నది. తయారీదారుని ముద్రగల పూర్తి అప్‌డేటు ఫైలును లాప్‌టాపు నుండి పంపినచో, అది సిస్టమును మాత్రమే తిరిగి వ్రాసి, సొంత సమాచారమును ముట్టదు. ఫొటోలు విలువైనవైనచో ముందు చేయదగినది ఇదియే. టౌనులో ఇచ్చువారును “మొదట డేటా పోకుండా ప్రయత్నించండి” అని చెప్పి ఇయ్యవలెను. ఆ ఒక్క మాట చెప్పకపోవుట వలన ఎన్ని ఇండ్లలో పసిపిల్లల తొలి అడుగుల చిత్రములు పోయినవో లెక్కలేదు.

ఖాతా సంగతి కూడ ఇచటనే చెప్పవలెను. ఆండ్రాయిడ్ 5.1తో, అనగా 2015లో, ఒక కావలి పద్ధతి వచ్చినది. రికవరీ తెరనుండి తుడిచివేసిన ఫోను తిరిగి లేచినప్పుడు, అంతకుముందు అందులో ఉన్న గూగులు ఖాతాను, దాని సంకేతపదమును అడుగును. చెప్పలేనివానికి లోనికి ప్రవేశము లేదు. దొంగలకు ఇది మంచి అడ్డు. అయితే పల్లెలలో ఫోను కొన్ననాడు ఆ ఖాతాను తెరచినది తరచుగా షాపులోని కుర్రవాడు. సంకేతపదము వానికే తెలియును, లేదా వానికిని గుర్తులేదు. అట్టి ఫోను యజమాని చేతిలోనే దొంగసొత్తువలె ఉండిపోవును. ఫోను బాగుగా నడుచుచున్న దినముననే ఆ ఖాతా పేరును, సంకేతపదమును తెలిసికొని ఒక కాగితముమీద వ్రాసి ఇంటి దస్తావేజులతో దాచుకొనుట ఫర్మ్‌వేరు విద్యలోని మొదటి పాఠము.

బ్యాంకు యాప్‌ల విషయము వేరు. తాళము తీసియున్న ఫోనును కొన్ని యాప్‌లు నమ్మవు. గూగులు వారి ప్లే ఇంటెగ్రిటీ అను పరీక్ష ద్వారా అవి ఫోను స్థితిని అడిగి తెలిసికొనును; తాళము తెరచియున్నదని తెలిసినచో కొన్ని తెరుచుకొనుటకు నిరాకరించును. పాల కేంద్రము డబ్బులు, కూలి డబ్బులు అన్నియు ఒకే ఫోనులో పడు ఇంటిలో ఆ ఫోనుతోనే ప్రయోగము చేయరాదు. సామ్‌సంగు ఫోనులలో తాళము తీసి అన్యమైనదానిని ఎక్కించినచో నాక్స్ అను గురుతు శాశ్వతముగా మారిపోవును; తరువాత అసలు ఫర్మ్‌వేరు పెట్టినను అది పూర్వస్థితికి రాదు.

తాళము తీసినవారికి రెండవ ప్రమాదము తప్పు ఫైలు. వ్రాయవలసిన సమాచారమును ఇమేజి అందురు. అనగా బొమ్మ కాదు. ఫోనులోని ఒక అరలో ఉండవలసినదంతయు అచ్చుగ్రుద్దినట్లున్న ఫైలు. పెట్టెమీది పేరు చూచి ఇమేజి తెచ్చుకొనుట ప్రమాదకరము. సామ్‌సంగు గెలాక్సీ ఎస్ 7 అను ఫోను 2016లో ఒకే పేరుతో రెండు వేర్వేరు ప్రాసెసర్లతో అమ్మబడినది; కొన్ని దేశములలో స్నాప్‌డ్రాగన్, భారతదేశము మొదలగు దేశములలో ఎక్సినోస్. ఒకదాని ఫర్మ్‌వేరు రెండవదానికి విషము. ఫోనునకు పెట్టెమీది పేరు గాక లోపలి సంకేతనామము ఒకటి, నమూనా సంఖ్య ఒకటి ఉండును. అవి అక్షరము అక్షరము సరిపోయినగాని ముందుకు పోరాదు. ఇది కాక, చాలా ఫోనులలో వెనుకటి సంచికలకు పోవుటను అడ్డగించు కట్టుబాటు ఉన్నది. ఫోనులో ఉన్నదానికంటె పాతదానిని ఎక్కించినచో అది లేవకుండుటయు సంభవమే.

తెచ్చుకొన్న ఫైలు చెక్కుచెదరక వచ్చినదో లేదో తెలియుటకు ఒక ఉపాయము కలదు. తయారీదారుడు ఫైలు ప్రక్కన షా 256 అను లెక్కతో తీసిన అరువదినాలుగు అక్షరముల ముద్రను ప్రచురించును. చిన్న లాప్‌టాపులోని లినక్స్‌లో ఒక్క ఆదేశముతో అదే లెక్క వేసి పోల్చుకొనవచ్చును. ఫైలులో ఒక్క చుక్క మారినను ఆ అక్షరములన్నియు తారుమారగును. అప్పిచ్చిన పుస్తకము తిరిగి వచ్చినప్పుడు పుటలు లెక్కపెట్టు లైబ్రేరియనుకు ఈ పద్ధతి విచిత్రముగా తోచదు. ఎవరో పంపినారని, ఏదో గుంపులో దొరికినదని ముద్రలేని ఫైలును ఫోనులో పెట్టుట, పేరు తెలియని సీసాలోని మందును త్రాగుట వంటిది. ఇచట మొగమాటము పనికిరాదు.

తయారీదారుడు విడిచిపెట్టిన పాత ఫోనులకు ఇతరులు చేసిన సిస్టములు కలవు. 2009లో పుట్టిన సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబరులో మూతపడగా దాని వారసత్వముగా లీనియేజ్ ఓ.యస్. నిలిచినది. ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2015 ఆగస్టులో విశాఖపట్టణమున ప్రకటింపబడిన రెడ్‌మీ 2 ప్రైమ్ అను ఫోను, శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారములో కూర్పబడినది. భారతదేశములో తయారైన షియోమీ ఫోనులలో మొదటిది. స్నాప్‌డ్రాగన్ 410 ప్రాసెసరు, రెండు గిగాబైట్ల మెమరీ, ఆండ్రాయిడ్ 4.4తో అది బజారునకు వచ్చినది. ఆ 4.4 మీద నేడు వాట్సాప్ నడువదు. యంత్రము మాత్రము చెడలేదు. 2017లో వెలుగులోనికి వచ్చిన పోస్ట్‌మార్కెట్ ఓ.యస్. అను లినక్స్ సిస్టమును ఈ రెడ్‌మీ 2 జాతిమీద ఎక్కించు మార్గమున్నది. దాని ఇమేజిని తయారుచేయునదియు, తీగ వెంట పంపునదియు లినక్స్ లాప్‌టాపే. ఫోనుగా వాడుకొనుటకు అది సుఖమైనది కాదు, బ్యాంకు యాప్‌లు అందు ఆశింపరాదు. కాని ఒక చిన్న కంప్యూటరుగా, నేర్చుకొనువాని పలకగా, ఆ శ్రీసిటీ ఫోను మరల పనికివచ్చును. ప్రయోగములు చేయగోరు యువకులు ఇంటిలో వాడుకలోనున్న ఫోనును విడిచి, మూలపడిన ఇట్టి ఫోనుతో ఆరంభించుట యుక్తము.

తీగను గూర్చి ఒక మాట. యు.ఎస్.బి. రెండవ తరపు తీగలో నాలుగు తంత్రులుండును. రెండు కరెంటునకు, రెండు సమాచారమునకు. బజారులో చౌకగా దొరకు కొన్ని తీగలలో కరెంటు తంత్రులు మాత్రమే ఉండును. వానితో ఫోను చార్జి అగును గాని లాప్‌టాపునకు కనబడదు. గంటలకొలది ప్రోగ్రాములు మార్చి మార్చి చూచి విసిగినవారిలో కొందరి దోషము ఇరువది రూపాయల తీగదే. ఫోనుతో పెట్టెలో వచ్చిన తీగ శ్రేష్ఠము. ఫోను చార్జి సగమునకు పైన ఉండవలెను. తీగను ఒడిలో పెట్టుకొనక, కదలని బల్లమీద ఉంచవలెను.

వ్రాయుట ఆరంభమైన పిమ్మట చేయవలసినది తక్కువ. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 నుండి అనేక ఫోనులలో సిస్టమునకు రెండు ప్రతులు ఉంచు ఏర్పాటు ఉన్నది. మామూలు అప్‌డేటు వాడుకలో లేని ప్రతిమీద వ్రాయబడును. అది లేవకున్నచో ఫోను పాతదానికే మరలును. ఆ ధైర్యము బూట్‌లోడరునే తిరిగి వ్రాయునప్పుడు చాలదు. ఆ కొద్ది క్షణములలో తీగను ముట్టరాదు. మోడెము సమాచారము, పర్సిస్ట్ అను పేర్లు గల అరలలో ఆ ఒక్క ఫోనునకే చెందిన కొలతలును, సంఖ్యలును ఉండును. వానిని చెరిపినచో ప్రపంచములో మరెక్కడను వాని ప్రతి దొరకదు. వానిని చెరుపుమను సలహా ఎవరిచ్చినను వినరాదు. ఐ.యమ్.ఇ.ఐ. సంఖ్యను మార్చుట అసలే కూడదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము అట్టి మార్పునకు మూడేండ్ల వరకు ఖైదు గాని, ఏబది లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

పని ముగిసిన తరువాత తాళము తిరిగి వేయుట మంచిదే. అయితే తయారీదారుని అసలు ఫర్మ్‌వేరు సమగ్రముగా ఉన్నప్పుడే, లేదా గ్రాఫీన్ ఓ.యస్. వలె తన ముద్రను ఫోనునకు నేర్పిన సిస్టము ఉన్నప్పుడే వేయవలెను. అన్యమైన ఇమేజి ఒక్కటి లోపల ఉండగా తాళము వేసినచో, ముద్ర కుదరక ఫోను లేవదు. లేవని ఫోనులో తాళము తీయుటకు అనుమతి ఇచ్చు సెట్టింగు చేతికందదు. బాగుపడిన ఫోను చివరి ఘడియలో ఇటుకరాయి అగుట ఈ తొందరవలననే.

మొదటిసారి లేచుటకు ఫోను చాలాసేపు తీసికొనును. పది నిమిషములు గురుతు దగ్గరనే ఉన్నను బొత్తాములు నొక్కరాదు. లేచిన పిమ్మట, ఫోను చేయు తెరలో స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ అని కొట్టినచో పదునైదు అంకెల ఐ.యమ్.ఇ.ఐ. సంఖ్య కనబడును. దానిని కొన్ననాటి పెట్టెమీదనో, బిల్లుమీదనో ఉన్న సంఖ్యతో పోల్చి చూడవలెను. రెండు సిమ్ములు పట్టు ఫోనైనచో రెండు సంఖ్యలుండును. అవి సరిపోయినచో సిమ్ము వేసి, ఇంటిలోని మరియొక ఫోనునకు ఒకసారి కాలు చేసి, గొంతు ఇరువైపుల వినబడుచున్నదో లేదో చూచుకొనవలెను. సంఖ్య సున్నలుగా కనబడినను, ఖాళీగా ఉన్నను, మరేమియు వ్రాయక ఆ ఫోనును తయారీదారుని సర్వీసు సెంటరునకే తీసికొని పోవలెను.